350 కోట్లలో 180 కోట్లు: అంబేద్కర్ విదేశాంగ విధానాన్ని లెక్కగట్టిన తీరు

బడ్జెట్ వచ్చిన రోజు మన సంఘాలు వెతికేవి కొన్ని పద్దులే. ఎస్సీ సబ్‌ప్లాన్‌కు ఎంత ఇచ్చారు, స్కాలర్‌షిప్‌లకు ఎంత, హాస్టల్ మెస్ ఛార్జీలు పెంచారా లేదా, కార్పొరేషన్ రుణాలకు ఏమైనా మిగిల్చారా అని చూస్తాం. అలా చూడటం అవసరమే. కానీ ఆ పద్దులు ఎందుకు అంత చిన్నవయ్యాయో ఆ పేజీల్లో రాసి ఉండదు. ఆ జవాబులో కొంత భాగం మనం ఎప్పుడూ తెరవని పేజీల్లో, అంటే రక్షణ శాఖ, విదేశాంగ శాఖల లెక్కల్లో ఉంటుంది. విదేశాంగ విధానం ఢిల్లీ పెద్దల వ్యవహారమనీ, వాడకు దానితో పనిలేదనీ మనకు మనమే సర్దిచెప్పుకుంటూ వచ్చాం.

బాబాసాహెబ్ అంబేద్కర్ అలా అనుకోలేదు. 1951లో కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకుంటూ ఆయన ఇచ్చిన వివరణలో హిందూ కోడ్ బిల్లు గురించి మనందరికీ తెలుసు. అదే వివరణలో విదేశాంగ విధానం మీదా, సైన్యానికి పెడుతున్న ఖర్చు మీదా ఆయన చేసిన విమర్శను మాత్రం మన సభల్లో ఎవరూ పెద్దగా ప్రస్తావించరు. ప్రస్తావించేవాళ్లు కూడా తమకు పనికొచ్చే సగమే చెబుతారు. మొత్తం వాదనను ఒకచోట పెట్టి చూడాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం.

రాజీనామాలో ఏముంది?

అంబేద్కర్ 1951 సెప్టెంబర్ 27న ప్రధాని నెహ్రూకు రాజీనామా లేఖ ఇచ్చారు. రాజీనామా చేసిన మంత్రి సభలో కారణాలు చెప్పుకోవడం ఆనవాయితీ. అందుకు అక్టోబర్ 10న ఆయన పార్లమెంటుకు వచ్చారు. ప్రకటన ప్రతిని ముందే తనకు ఇవ్వాలని డిప్యూటీ స్పీకర్ పట్టుబట్టారు. ఆ డిప్యూటీ స్పీకర్ మన తిరుపతి ప్రాంతానికి చెందిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్. తన మాటలను ముందుగా ఎవరో చూసి అనుమతించడమేమిటని అంబేద్కర్ నిరసన తెలిపి బయటకు వచ్చేశారు. ప్రకటనను పత్రికలకు ఇచ్చారు.

అందులో ఆయన చెప్పిన కారణాలు ప్రధానంగా ఐదు. మొదటిది, ఆర్థికశాస్త్రం చదివిన తనకు న్యాయశాఖ తప్ప మరో బాధ్యత ఇవ్వలేదు, ఆశపెట్టిన ప్రణాళికా శాఖ రాలేదు. రెండోది, వెనుకబడిన తరగతుల కోసం రాజ్యాంగం చెప్పిన కమిషన్‌ను వేయలేదు, షెడ్యూల్డ్ కులాల మీద పాత దౌర్జన్యాలే సాగుతున్నాయి. మూడోది విదేశాంగ విధానం. నాలుగోది, మంత్రివర్గం పేరుకే ఉంది, నిర్ణయాలన్నీ కమిటీల్లో జరుగుతున్నాయి. ఐదోది హిందూ కోడ్ బిల్లుకు పట్టిన గతి.

ఈ ఐదింటినీ విడివిడి ఫిర్యాదులుగా చదవడం మనకు అలవాటు. నిజానికి మొదటి నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. డబ్బు ఎక్కడికి పోతోంది, ఆ నిర్ణయం ఏ గదిలో జరుగుతోంది, ఆ గదిలోకి మనవాళ్లను ఎందుకు రానివ్వడం లేదు, చివరకు మన వాడలకు ఏం మిగులుతోంది అన్నవే ఆ నాలుగు కారణాల వెనకున్న ప్రశ్నలు.

అసలు లెక్క

అంబేద్కర్ చెప్పిన లెక్క సూటిగా ఉంది. ప్రభుత్వానికి ఏడాదికి వచ్చే రాబడి 350 కోట్ల రూపాయలు. అందులో సైన్యానికి పోతున్నది సుమారు 180 కోట్లు. అంటే ప్రతి వంద రూపాయల్లో యాభై ఒకటి. ఇంత భారీ ఖర్చుకు పోలిక దొరకడం కష్టమన్నారు. ఈ ఖర్చు ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, మనం ఎంచుకున్న విదేశాంగ విధానం తెచ్చిన ఫలితమనీ ఆయన వాదించారు.

ఆ వాదన ఇలా సాగుతుంది. 1947 ఆగస్టు 15న మన దేశానికి కీడు కోరే దేశమంటూ లేదు. నాలుగేళ్లు తిరిగేసరికి ఐక్యరాజ్యసమితిలో మన తీర్మానాన్ని బలపరిచే దేశం కూడా కరువైంది. స్నేహితులు లేని దేశం ఆపదలో ఎవరి సాయాన్నీ నమ్ముకోలేదు. కాబట్టి రక్షణ ఖర్చు మొత్తం తానే మోయాలి. అది మోస్తూ ఉంటే తిండి గింజలకూ, పరిశ్రమలకూ డబ్బు ఉండదు. బయటి నుంచి సాయం కూడా కష్టమవుతుంది.

తిండి గింజల ప్రస్తావన మాటవరసకు వచ్చింది కాదు. 1951లో దేశం ఆహార కొరతలో ఉంది. మనం అమెరికాను గోధుమలు అడిగాం. కొరియా యుద్ధంపై భారత్ తీసుకున్న వైఖరి నచ్చని అమెరికా చట్టసభ సభ్యులు ఆ బిల్లును నెలల తరబడి సాగదీశారు. చివరకు ఆ ఏడాది జూన్‌లో 19 కోట్ల డాలర్ల అప్పుగా అది వచ్చింది. ఆకలితో ఉన్నవాడి కంచానికీ, ఐక్యరాజ్యసమితిలో ఎత్తిన చేతికీ ఉన్న సంబంధాన్ని ఆనాటి పాఠకులు కళ్లారా చూశారు. ఆ కంచం ఎక్కువగా ఎవరిదో మనకు చెప్పనవసరం లేదు. కరువు వస్తే ముందు పస్తులుండేది భూమి లేని కూలీలే.

అలాగని ఆయనకు సైన్యమంటే గిట్టదని అనుకోవద్దు. ఆయన తండ్రి రాంజీ సైన్యంలో సుబేదార్. 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్ వాళ్లు మహర్ల నియామకాలను ఆపేస్తే, రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వాటిని మళ్లీ తెరిపించడానికి పోరాడిన నాయకుడు అంబేద్కరే. మహర్ రెజిమెంట్ 1941 అక్టోబర్‌లో ఏర్పడింది. సైన్యంలో ఉద్యోగం అంటరాని కులాలకు జీతాన్నీ, చదువునూ, తలెత్తుకుని నడిచే ధైర్యాన్నీ ఇచ్చిందని ఆయనకు స్వానుభవంతో తెలుసు. ఆయన ప్రశ్న సైన్యం ఉండాలా వద్దా అని కాదు. తెలివైన విధానం ఉంటే తగ్గే ఖర్చును, తెలివితక్కువ విధానం వల్ల పేదలు ఎందుకు మోయాలి అని.

ఎవరి బాధ ముందు?

పాకిస్తాన్‌తో తగాదా గురించి ఆయన చెప్పిన మాట ఇంకా పదునైనది. రెండు దేశాల మధ్య రెండు సమస్యలున్నాయి. ఒకటి కశ్మీర్. రెండోది తూర్పు బెంగాల్‌లో ఉండిపోయిన మనవాళ్ల పరిస్థితి. ప్రభుత్వం తన సర్వశక్తులనూ కశ్మీర్ మీద పెడుతోంది. తాను మాత్రం తూర్పు బెంగాల్ గురించే ఎక్కువ ఆందోళన పడాలని భావిస్తున్నానని అంబేద్కర్ స్పష్టం చేశారు.

తూర్పు బెంగాల్‌లో ఉండిపోయిన ఆ జనం ఎవరు? భూములూ హోదాలూ ఉన్న అగ్రకుల హిందువులు చాలామంది ముందే కలకత్తా చేరుకున్నారు. పల్లెల్లో మిగిలింది ఎక్కువగా నామశూద్రులు, ఇతర అణగారిన కులాలవాళ్లు. 1946లో అంబేద్కర్‌ను రాజ్యాంగ సభకు పంపింది బెంగాలే. జోగేంద్రనాథ్ మండల్, ఆయన సహచరుల మద్దతు లేకపోతే ఆ గెలుపు లేదు. మండల్ పాకిస్తాన్‌లో తొలి న్యాయ, కార్మిక శాఖల మంత్రి అయ్యారు. తన ప్రజల మీద జరుగుతున్న దాడులను ఆపలేక 1950 అక్టోబర్‌లో రాజీనామా చేసి భారత్‌కు వచ్చేశారు. దాదాపు ఏడాది తర్వాత అంబేద్కర్ కూడా ఇక్కడి మంత్రివర్గం నుంచి బయటకు వచ్చారు. రెండు దేశాల తొలి న్యాయశాఖ మంత్రులూ దళితులే, ఇద్దరూ తమ ప్రభుత్వాల మీద నమ్మకం కోల్పోయి బయటకు నడిచినవాళ్లే.

ఆ తర్వాత వచ్చిన శరణార్థుల కథ కూడా మనదే. నామశూద్ర కుటుంబాలు ఎన్నింటినో బెంగాల్‌లో ఉంచకుండా దండకారణ్యానికి, మన ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మల్కన్‌గిరి లాంటి చోట్లకు తరలించారు. అక్కడ బతకలేక తిరిగి వెళ్లి సుందర్బన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవిలో గుడిసెలు వేసుకున్నవాళ్ల మీద 1979లో పోలీసు బలప్రయోగం జరిగింది. సరిహద్దు అవతలి మనుషుల్లో ఎవరి బాధను దేశం తన బాధగా తీసుకుంటుందో, ఎవరిది వదిలేస్తుందో నిర్ణయించేది కూడా విదేశాంగ విధానమే.

కశ్మీర్ విషయంలో అంబేద్కర్ ఇచ్చిన పరిష్కారం విభజన. హిందువులు, బౌద్ధులు ఉన్న భాగం భారత్‌కు, ముస్లింలు ఉన్న భాగం పాకిస్తాన్‌కు అన్నారు. లేదంటే కాల్పుల విరమణ ప్రాంతం, లోయ, జమ్మూ-లడఖ్ అని మూడుగా చూసి లోయలో మాత్రమే ప్రజాభిప్రాయం తీసుకోవచ్చన్నారు. మొత్తానికీ కలిపి ఒకే ఓటు పెడితే హిందువులు, బౌద్ధులు ఇష్టం లేకుండా పాకిస్తాన్‌లోకి పోవలసి వస్తుందని, తూర్పు బెంగాల్ బాధే మళ్లీ ఎదురవుతుందని ఆయన భయం. ఈ పరిష్కారంతో ఏకీభవించాలా వద్దా అన్నది వేరే చర్చ. మతం గీతగా దేశాలను పంచడం ఎంత నెత్తురు పారించిందో అందరం చూశాం. అయితే ఇది ఆయన నోట వచ్చిన మాట. మనకు ఇబ్బందిగా ఉందని దాచిపెట్టడం, అనుకూలంగా ఉందని సగమే చెప్పడం, రెండూ తప్పే.

నిర్ణయం ఎక్కడ జరిగింది?

మంత్రివర్గంలో విదేశీ వ్యవహారాల కమిటీ, రక్షణ కమిటీ ఉండేవి. ఆ కమిటీల్లో దేనిలోనూ అంబేద్కర్‌కు చోటు లేదు. అసలు నిర్ణయాలు కమిటీల్లో జరిగిపోయేవి. మిగతా మంత్రుల ముందుకు అవి వచ్చేసరికి చేయడానికి ఏమీ ఉండేది కాదు. మంత్రివర్గం ఎవరో చేసిన నిర్ణయాలను నమోదు చేసే కార్యాలయంగా మారిందని ఆయన విమర్శించారు. నిర్ణయంలో పాలు లేకున్నా సమిష్టి బాధ్యత పేరుతో దాన్ని మోయాల్సి రావడం ఆయనకు మింగుడుపడలేదు.

ఇది ఒక మంత్రికి జరిగిన అవమానం అనుకుంటే అసలు సంగతి మనకు అందదు. ఏడాది రాబడిలో సగం ఖర్చును తేల్చే గదిలోకి రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడిగా పనిచేసిన మనిషికే ప్రవేశం లేదు. ఇవాళ కూడా మనకు దక్కే శాఖలు సాధారణంగా ఏవో ఒకసారి లెక్క వేయండి. సాంఘిక సంక్షేమం మనకు, ఆర్థికం, హోం, రక్షణ వేరేవాళ్లకు అన్నట్టుగా ఉంటుంది పంపకం. బాబూ జగ్జీవన్ రామ్ 1971 యుద్ధ కాలంలో రక్షణ మంత్రిగా ఉన్నారన్నది నిజమే. అలాంటి పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉండటమే అసలు సమస్య.

ఇంకో సంగతి కూడా ఆ ప్రకటనలో ఉంది. షెడ్యూల్డ్ కులాల పరిస్థితిపై ఐక్యరాజ్యసమితికి ఇవ్వడానికి తాను ఒక నివేదిక తయారు చేశానని, రాజ్యాంగ సభకూ రాబోయే పార్లమెంటుకూ ఒక అవకాశం ఇద్దామని దాన్ని సమర్పించకుండా ఆగానని అంబేద్కర్ చెప్పారు. అంటే అంటరానితనాన్ని ప్రపంచం ముందు పెట్టదగిన ప్రశ్నగా ఆయన చూశారు. 2001లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతివివక్ష వ్యతిరేక సదస్సు జరిగినప్పుడు మన దళిత సంఘాలు అదే ప్రయత్నం చేశాయి. కులం జాతి కాదనీ, అది దేశ అంతర్గత విషయమనీ భారత ప్రభుత్వం గట్టిగా అడ్డుపడింది. మన విదేశాంగ శాఖ నేరుగా కులం గురించి మాట్లాడిన సందర్భమది. మాట్లాడింది మన తరఫున మాత్రం కాదు.

రాజ్యసభలో 1954

1952 ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయాక అంబేద్కర్ రాజ్యసభకు వెళ్లారు. 1954 ఆగస్టు 26న అంతర్జాతీయ పరిస్థితిపై జరిగిన చర్చలో ఆయన మళ్లీ ప్రభుత్వాన్ని నిలదీశారు. దానికి నాలుగు నెలల ముందే, ఏప్రిల్ 29న, టిబెట్‌తో వాణిజ్యం గురించి భారత్, చైనా ఒప్పందం చేసుకున్నాయి. పంచశీల సూత్రాలు ఆ ఒప్పందంలోనివే.

పంచశీల బౌద్ధంలోని మాట. అప్పటికే బౌద్ధం వైపు అడుగులు వేస్తున్న అంబేద్కర్‌కు దాని అర్థం ఎవరూ చెప్పనవసరం లేదు. మావోకు పంచశీల మీద నిజంగా నమ్మకం ఉంటే తన దేశంలోని బౌద్ధులతో అలా ప్రవర్తించేవాడు కాదని, రాజకీయాల్లో, ముఖ్యంగా కమ్యూనిస్టు దేశాల రాజకీయాల్లో ఆ సూత్రాలకు చోటు లేదని ఆయన ఎత్తిపొడిచారు. లాసాను చైనా చేతుల్లోకి పోనివ్వడంతో మన ప్రధానే చైనా సరిహద్దును మన గుమ్మం దాకా తెచ్చినట్టయిందని హెచ్చరించారు. ఒకపక్క పాకిస్తాన్, మరోపక్క చైనా మనల్ని చుట్టుముడుతున్నాయన్నారు. గోవా విషయంలో మొదట్లోనే చిన్న చర్య తీసుకుని ఉంటే సరిపోయేదన్నారు. కమ్యూనిజం కార్చిచ్చులా వ్యాపిస్తుందని, దాన్ని ఆపే కూటమిగా అమెరికా ముందుకు తెస్తున్న సీటోను ప్రభుత్వం కొట్టిపారేయడం సరికాదని వాదించారు.

1962 చైనా యుద్ధం చూశాక టిబెట్ గురించి ఆయన ఇచ్చిన హెచ్చరిక ఎంత ముందుచూపుతో కూడినదో తెలుస్తుంది. అయితే ఆయన చెప్పిందంతా చరిత్ర నిజం చేసిందని చెప్పలేం. సీటో సంగతే చూడండి. 1954 సెప్టెంబర్‌లో మనీలాలో సంతకాలైన ఆ కూటమిలో పాకిస్తాన్ చేరింది. అమెరికా ఆయుధాలు వచ్చాయి. కానీ అక్కడి పేదల మీద సైన్యం భారం తగ్గలేదు. 1958లో సైన్యమే అధికారాన్ని చేజిక్కించుకుంది. సీటో 1977లో మూతపడింది. స్నేహితుడు మన బిల్లు కడితే తర్వాత తన బిల్లు కూడా మనకు పంపుతాడన్నది పొరుగు దేశం అనుభవం. నెహ్రూ విధానానికి ప్రత్యామ్నాయంగా అంబేద్కర్ చూపిన దారిలో ఈ ప్రమాదానికి జవాబు కనిపించదు. ఆయన్ను గౌరవించడమంటే ఈ ప్రశ్న అడగకుండా ఉండటం కాదు.

ఇవాళ ఆయన పేరు వాడుకునేవాళ్లు ఈ ఉపన్యాసాన్ని ముక్కలు చేస్తారు. కాషాయ శిబిరం టిబెట్, కశ్మీర్, కమ్యూనిజం మీద ఆయన విమర్శలను పోస్టర్లు వేస్తుంది, సైనిక ఖర్చు మీద ఆయన వేసిన లెక్కను, హిందూ కోడ్ బిల్లును దాచేస్తుంది. వామపక్ష మిత్రులు కొందరు సైనిక ఖర్చు లెక్కను పట్టుకుని, సీటో మాట వచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. ఆయన వాదన అంతటా ఒకే సూత్రం ఉంది. ఆదర్శం ఎంత గొప్పదైనా దాని ఖర్చు ఎవరు కడుతున్నారో చూడాలి.

రాబడి ఎక్కడి నుంచి?

ఖర్చు తగ్గించమని చెప్పినవాడు రాబడి సంగతి కూడా చెప్పాలి. అంబేద్కర్ చెప్పారు. ఆయన ప్రజాధనం గురించి మాట్లాడటం 1951లో మొదలుపెట్టలేదు. కొలంబియాలో ఆయన రాసిన తొలి పెద్ద పరిశోధన ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాల గురించే. 1925లో అచ్చయిన మరో గ్రంథం బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ గురించి. 1927లో బొంబాయి శాసనమండలిలో తొలి బడ్జెట్ ప్రసంగంలోనే భూమిశిస్తును తప్పుబట్టారు. ఆదాయపు పన్నుకు ఒక పరిమితి దాకా మినహాయింపు ఉంది, ఎకరం చెక్క ఉన్న రైతుకు మాత్రం పంట పండినా ఎండినా శిస్తు తప్పదు, ఇదేం న్యాయమని అడిగారు. అదే ఏడాది చదువుల పద్దు మీద మాట్లాడుతూ, జనానికి కల్లు సారా పోసి గుంజుతున్నంత సొమ్మైనా వాళ్ల చదువుకు ఖర్చు పెట్టడం లేదని ఎండగట్టారు.

1951లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళికలో డబ్బు ఎక్కడి నుంచి తేవాలో రాశారు. సైనిక ఖర్చు తగ్గించాలి, మద్యనిషేధం ఎత్తేయాలి, ఉప్పు పన్ను మళ్లీ వేయాలి, బీమాను జాతీయం చేయాలి. ఐక్యరాజ్యసమితిలో చైనాకు శాశ్వత స్థానం కోసం పోరాడే బదులు భారత్ తన కోసం పోరాడాలని కూడా అందులో ఉంది. తర్వాత రాజ్యసభలో ఉప్పు పన్ను మాట మళ్లీ తెచ్చి, ఆ సొమ్మును గాంధీ పేరు మీద నిధిగా పెట్టి అంటరానివాళ్లకు భూములిచ్చి స్థిరపరచడానికి వాడాలన్నారు. దండి యాత్ర పేరు చెప్పి ఓట్లడిగే పార్టీకి అంతకన్నా చేదు మాత్ర ఉండదు.

ఈ జాబితాను కూడా కళ్లు మూసుకుని ఒప్పుకోనక్కరలేదు. ఉప్పు పన్ను ధనికుడికీ కూలీకీ ఒకటే. 1927లో భూమిశిస్తు మీద ఆయన లేవనెత్తిన అభ్యంతరం దీనికీ వర్తిస్తుంది. తలకు పడేది చాలా తక్కువనీ, వచ్చేది మన భూముల కోసమే వాడాలనీ ఆయన సమాధానం. మద్యం సంగతికొస్తే మన నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి 1992లో లేచిన సారా వ్యతిరేక ఉద్యమం గుర్తుకు రావాలి. ఆ ఉద్యమంలో వీధికెక్కింది ఎక్కువగా దళిత, వెనుకబడిన కులాల ఆడవాళ్లు. మద్యం రాబడి ఖజానాకు ఎంత తెస్తుందో అంబేద్కర్ చూశారు. అది ఇంట్లో ఎంత పీల్చేస్తుందో ఆ తల్లులు చూపించారు. రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చదవాల్సిన బాధ్యత మనది.

ఖర్చుకు కాపలా ఎవరు అన్న ప్రశ్నకూ ఆయన దగ్గర జవాబుంది. 1949 మే నెలలో రాజ్యాంగ సభలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పదవి మీద చర్చ వచ్చినప్పుడు, బహుశా రాజ్యాంగంలో అందరికన్నా ముఖ్యమైన అధికారి ఈయనే అన్నారు. న్యాయమూర్తుల బాధ్యతల కన్నా కూడా ఈయన బాధ్యత పెద్దదన్నారు. కారణం ఏమిటంటే, పార్లమెంటు ద్రవ్య వినిమయ చట్టం ద్వారా ఒక పనికి ఇచ్చిన సొమ్ము ఆ పనికే పోయిందా లేదా అని చూసేది ఆయనే.

మన కాలపు లెక్క

అంబేద్కర్ లెక్కను ఇవాళ్టికి తెచ్చి చూద్దాం. 2025-26 కేంద్ర బడ్జెట్ మొత్తం 50.65 లక్షల కోట్లు. అందులో రక్షణకు కేటాయించింది 6.81 లక్షల కోట్లు. మొత్తం ఖర్చులో వందకు పదమూడున్నర. కానీ అంబేద్కర్ పోల్చింది రాబడితో, అప్పుతో కలిపిన మొత్తం ఖర్చుతో కాదు. ఆయన కొలతతో చూస్తే రెవెన్యూ రాబడి 34.2 లక్షల కోట్లలో సుమారు ఐదో వంతు. 1951లో సగం దాటిన వాటా ఐదో వంతుకు దిగింది. మాజీ సైనికుల పింఛన్లు కూడా ఇందులోనే ఉన్నాయి, ఆ పింఛన్లు అందుకునేవాళ్లలో మన కుటుంబాలూ ఉన్నాయి. కాబట్టి పాత నిందను యథాతథంగా ఇవాళ తిప్పి చెబితే అబద్ధమవుతుంది. నినాదంగా కాక కొలతగా వాడినప్పుడే ఆ లెక్క మనకు పనికొస్తుంది.

మనకు ఎక్కువ నష్టం చేసేది మరో దారి. మన పేరు మీద కేటాయించిన సొమ్మే దేశ ప్రతిష్ఠ పేరుతో దారి మళ్లుతుంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలను గుర్తు చేసుకోండి. ప్రపంచం ముందు పరువు నిలబెట్టే పండుగ అన్నారు. ఢిల్లీ ప్రభుత్వం ఎస్సీ ప్రత్యేక అంగ ప్రణాళిక నిధుల నుంచి సుమారు 744 కోట్లు క్రీడల పనులకు మళ్లించిందని సమాచార హక్కు చట్టం ద్వారా బయటపడింది. వందల కోట్లు మళ్లినట్టు కేంద్ర హోం మంత్రి కూడా రాజ్యసభలో ఒప్పుకోవాల్సి వచ్చింది. విదేశీ అతిథుల కోసం వేసిన రంగులకు డబ్బు మన పిల్లల పద్దు నుంచి పోయింది. అంబేద్కర్ 1951లో అడిగిన ప్రశ్నకు ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

మన రాష్ట్రాల్లో ఈ మళ్లింపును ఆపడానికి పెద్ద పోరాటమే జరిగింది. జనాభా దామాషాలో నిధులివ్వాలన్న సూత్రం 1970ల చివరి నుంచీ కాగితం మీద ఉంది. అది చట్టమైంది 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. ఆ చట్టానికి పదేళ్ల గడువు పెట్టారు, 2023లో ఆంధ్రప్రదేశ్ మరో పదేళ్లు పొడిగించింది. తెలంగాణ 2017లో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. ఒక ఏడాది ఖర్చు కాని నిధిని తర్వాతి ఏడాదికి కలపాలన్న నియమం అందులో ఉంది. చట్టాలున్నా అందరికీ ఇచ్చే పథకాల్లో మన వాటాను చూపించి ఇదే సబ్‌ప్లాన్ అనడం ఆగలేదు. రోడ్డు మీద మనమూ నడుస్తాం కాబట్టి రోడ్డు ఖర్చులో మన వాటా ఉందన్నట్టు ఉంటుంది ఆ లెక్క.

ఏం చేయాలి?

విద్యార్థి మిత్రులకు, సంఘాల బాధ్యులకు మా సూచన ఒకటే. బడ్జెట్ వచ్చిన వారంలో మూడు ప్రశ్నలు పట్టుకుని కూర్చోండి. ఈ ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఈ నిర్ణయం ఎవరున్న గదిలో జరిగింది? దీని తర్వాత మనకు ఏం మిగిలింది? కేంద్ర బడ్జెట్‌లో వ్యయ వివరాల పుస్తకం ఉంటుంది. అందులో 10ఎ పట్టిక ఎస్సీలకు, 10బి ఎస్టీలకు చేసిన కేటాయింపులు చెబుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం. ఆ పట్టికలోని మొత్తాన్ని ఈ శాతంతో కొలవండి. ఏ శాఖ ఏ పథకాన్ని మన ఖాతాలో రాసిందో పేరుపేరునా చూడండి. పక్కనే రక్షణ, విదేశాంగ శాఖల పద్దులు తెరవండి. రెండేళ్ల కిందటి సవరించిన అంచనాను, అసలు ఖర్చును పోల్చండి. ఎవరి పద్దు కోసి ఎవరి పద్దు నింపారో అక్కడే తెలుస్తుంది. కాగ్ నివేదికలు వచ్చినప్పుడు సబ్‌ప్లాన్ అధ్యాయాన్ని జిల్లా స్థాయిలో చదివి వినిపించండి. తేడా కనిపించిన చోట సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కామన్వెల్త్ నిధుల సంగతి బయటపెట్టింది అలాంటి దరఖాస్తులే.

యుద్ధ వాతావరణం ఉన్న రోజుల్లో ఈ ప్రశ్నలు అడగడం కష్టం. దేశభక్తి లేదంటారు. అంబేద్కర్ అడిగిన రోజుల్లోనూ వాతావరణం తేలికగా లేదు. అప్పటికి కశ్మీర్‌లో కాల్పులు ఆగి మూడేళ్లు కూడా కాలేదు. అయినా ఆయన పార్లమెంటుకు ప్రతి రూపాయి లెక్క అడిగే హక్కు ఉందని నమ్మారు, అడిగారు. సరిహద్దులో నిలబడే సైనికుడిగానూ, వెనక ఊళ్లో పస్తులుండే కూలీగానూ రెండు చోట్లా మనవాళ్లే ఉన్నప్పుడు, ఈ దేశం ఎవరితో స్నేహం చేస్తుందో, ఎవరితో తగాదా పడుతుందో, దానికి ఎంత పెడుతుందో అడగడానికి మనకన్నా ఎక్కువ హక్కు ఎవరికుంది?

జై భీమ్.